గుండెను పిడికిట్లో పట్టినట్టుంది

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం గురించి ఉన్నాయి. మూడూ అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం నుంచే వచ్చాయి. అక్కడ డెట్రాయిట్ పక్కన ఒక క్లినిక్‌లో నేను ఇరవై ఆరేళ్లు సోషల్ వర్కర్‌గా పనిచేశాను. అందుకే మిగతా ఉత్తరాలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి చోటంతా ఈ మూడింటికే ఇస్తున్నాను.

ప్రశ్న: ఆంటీ, నమస్తే. నేను మిషిగన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. నా రూమ్మేట్ డెట్రాయిట్ పక్కనున్న డియర్‌బోర్న్‌లో పుట్టి పెరిగింది. వాళ్లది యెమెన్ నుంచి వచ్చిన కుటుంబం. తను సైకాలజీ మూడో సంవత్సరం చదువుతోంది. రెండేళ్ల కిందట వాళ్ల పెదనాన్న కొడుకు చనిపోయాడు. బంధువులందరికీ గుండెపోటని చెప్పారు. అది ఆత్మహత్య అని తనకు తెలుసు. అప్పటినుంచి ప్రతి బుధవారం క్యాంపస్‌లో ఒక బల్ల వేసుకుని, టీ ఫ్లాస్కు పెట్టుకుని అరబ్ పిల్లలతో మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడుతోంది. 988 అనే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ నంబరును అరబిక్‌లో చేత్తో రాసి కార్డులు పంచుతుంది. మొన్న ఇంటికి వెళ్లినప్పుడు వాళ్లమ్మ ఉతకడానికి కోటు తీస్తే జేబులో ఆ కార్డులు దొరికాయి. ‘నీకేమైనా అయ్యిందా?’ అని అడగలేదట. ‘ఇవి ఎవరైనా చూశారా?’ అని అడిగిందట. రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు. ఇంకో సంగతి. తనకి రాత్రి రెండింటికి కూడా ఫోన్లు వస్తాయి. నాకు నిద్ర చెడుతుందని బాత్రూమ్‌లోకి వెళ్లి గుసగుసగా మాట్లాడుతుంది. తను ఇంట్లోవాళ్లను బాధపెడుతోందా? అరబిక్ ముక్క రాని నేను ఏం చేయగలను?

జవాబు: అమ్మాయీ, నీ ఉత్తరం చదివి నేను ఆ తల్లి ప్రశ్న దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. ‘ఇవి ఎవరైనా చూశారా?’ అన్నమాట రాతిగుండెలోంచి వచ్చిందని నీకు అనిపించి ఉండొచ్చు. నాకు మాత్రం అందులో వణుకే వినిపించింది.

డియర్‌బోర్న్ జనాభా లక్షా పదివేల దాకా ఉంటుంది. 2020 జనాభా లెక్కల ప్రకారం అందులో సగానికి పైగా మధ్య ప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా మూలాలవాళ్లు. మందుల షాపులో ఉన్నది చుట్టం. క్లినిక్ రిసెప్షన్‌లో కూర్చున్నది వీధి చివరి ఇంటి అమ్మాయి. అరబిక్‌లో ‘ఐబ్’ అనే మాట ఉంది. సిగ్గుచేటు, పరువు తక్కువ, నలుగురిలో తలవంపు, అన్నీ కలిసిన మాట అది. ఒక ఇంట్లో ఒకరికి ‘మజ్నూన్’, అంటే పిచ్చి, అన్న ముద్ర పడితే అక్కచెల్లెళ్ల సంబంధాలకు కూడా అది అడ్డొస్తుందని భయం. నలుగురూ ఏమనుకుంటారో అన్న మాట వింటూ పెరిగిన మనకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

అయితే ఆ భయానికి ఇంకో వేరు కూడా ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత, 2002లో అమెరికా ప్రభుత్వం పాతిక దేశాలకు చెందిన మగవాళ్ల కోసం ప్రత్యేక నమోదు మొదలుపెట్టింది. తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు స్వయంగా వెళ్లి వేలిముద్రలిచ్చి, ప్రశ్నలకు జవాబులు చెప్పాల్సి వచ్చింది. ఆ పాతికలో ఒక్క ఉత్తర కొరియా తప్ప మిగతావన్నీ అరబ్, ముస్లిం దేశాలే. యెమెన్ కూడా ఉంది. 2017 జనవరిలో వచ్చిన ప్రయాణ నిషేధంలోనూ యెమెన్ ఉంది. పేరు రాసిన కాగితం ఎక్కడికి పోతుందో, ఎవరి చేతిలో పడుతుందో అన్న టెన్షన్ అలాంటి ఇళ్లలో గోడల్లోకి ఇంకిపోయి ఉంటుంది. కౌన్సెలింగ్ సెంటర్లో మొదట ఇచ్చేది కూడా ఒక ఫారమే కదా.

కాబట్టి నీ స్నేహితురాలు బల్ల దగ్గర అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది, అక్కడ మాట్లాడింది బయటికి ఎంతవరకు పోతుందీ, ఎంతవరకు పోదూ అన్నది. డిప్రెషన్ లక్షణాల సంగతి తర్వాత. పద్దెనిమిదేళ్లు నిండి కాలేజీలో ఉన్న విద్యార్థి కౌన్సెలర్‌తో మాట్లాడింది తల్లిదండ్రులకు చెప్పరు. ప్రాణాపాయం ఉందనుకుంటే మాత్రం ఆ నియమం సడలుతుంది. ఈ మినహాయింపును కూడా దాచకుండా చెప్పాలి. తర్వాత తెలిస్తే మోసపోయామనుకుంటారు.

ఇంకోటి, దీన్ని నేను కళ్లారా చూశాను. ఆ దేశంలో ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా పిల్లలు అమ్మానాన్నల ఇన్సూరెన్సులో ఉండొచ్చు. మంచిదే. కానీ బయటి డాక్టర్ దగ్గరికి వెళ్లి ఆ కార్డు వాడితే, ఏ రోజు ఏ వైద్యానికి ఎంత కట్టామన్న వివరంతో కంపెనీ నుంచి కవరు ఇంటికి వెళ్తుంది. పాలసీ నాన్న పేరు మీద ఉంటే కవరు నాన్న పేరు మీదే వస్తుంది. నా దగ్గరికొచ్చిన ఒక లెబనీస్ అమ్మాయి అలాగే దొరికిపోయి, మళ్లీ రాలేదు. ఆమెకు నేను ముందే చెప్పి ఉండాల్సింది. కాలేజీ కౌన్సెలింగ్ చాలాచోట్ల విద్యార్థుల ఫీజులోనే కలిసి ఉంటుంది, అక్కడ ఇన్సూరెన్సుతో పనే ఉండదు. బయటికి వెళ్లేవాళ్లు తమ ఉత్తరాలు వేరే అడ్రసుకు పంపమని కంపెనీని ముందే రాతపూర్వకంగా అడగొచ్చు. ఇంట్లో తెలిస్తే తమకు ప్రమాదమని చెబితే కంపెనీ ఆ కోరిక మన్నించాలి. ఈ రెండు వాక్యాలూ ఆ కార్డు వెనకాల రాయమను.

ఇక భాష సంగతి. నా ఉద్యోగంలో నన్ను ఇప్పటికీ వదలని రోజు ఒకటుంది.

2003 చలికాలం. ఇరాక్ నుంచి వచ్చిన ఒకామె తలనొప్పి, ఛాతీనొప్పి అంటూ మూడోసారి క్లినిక్‌కి వచ్చింది. పరీక్షల్లో ఏమీ లేదని నా దగ్గరికి పంపారు. ఆ రోజు దుబాసీ రాలేదు. ‘కొడుకు వెంట వచ్చాడుగా, వాడు చెబుతాడులే’ అన్నారు. నేనూ సరేనన్నాను. పన్నెండేళ్లుంటాయి వాడికి. నీలం జాకెట్టు జిప్పు పైకీ కిందికీ లాగుతూ కూర్చున్నాడు. నిద్ర పడుతోందా అని అడగమన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడింది. మాట్లాడుతూ మాట్లాడుతూ కుడిచేతి పిడికిలి బిగించి రొమ్ము మీద పెట్టుకుంది. పిల్లాడి చెయ్యి జిప్పు మీద ఆగిపోయింది. నేలచూపులు చూస్తూ, ‘బాగానే ఉందంట’ అన్నాడు.

నేను అదే రాసుకున్నాను.

మూడు వారాల తర్వాత దుబాసీ వచ్చింది. ఆ తల్లి మళ్లీ అదే పిడికిలి అక్కడే పెట్టుకుని అదే మాట అంది. ‘కల్బీ మక్బూద్’ అంటే గుండెను ఎవరో పిడికిట్లో పట్టి బిగించినట్టుందని అర్థం. యుద్ధంలో పోయిన తమ్ముడు ప్రతి రాత్రీ గుమ్మంలో నిలబడి కనిపిస్తున్నాడని చెప్పింది. మొదటిసారి చెప్పిందీ అదే. అంటే ఆ పిల్లాడు తన మేనమామ సంగతి నా గదిలో, నా కుర్చీ ముందు కూర్చుని విన్నాడు. వాడికి ఆ బరువు నెత్తికెత్తింది నేనే. 2016లో వచ్చిన ఆరోగ్య నిబంధనలు అత్యవసరమైతే తప్ప చిన్నపిల్లల్ని దుబాసీలుగా వాడకూడదన్నాయి. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు, క్లినిక్‌లు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. అడగడం మన హక్కు. డియర్‌బోర్న్ పిల్లల్లో చాలామంది ఇంట్లో దుబాసీలుగా పెరిగినవాళ్లే. వాళ్లమ్మకు డాక్టర్ దగ్గర దుబాసీని అడగొచ్చని తెలిస్తే పిల్లలకే ముందు ఊపిరాడుతుంది.

ఇదంతా నీకు ఎందుకు చెబుతున్నానంటే, నీ స్నేహితురాలి కార్డులో ‘డిప్రెషన్’, ‘మానసిక ఆరోగ్యం’ అన్న మాటలున్నాయేమో చూడు. ఉంటే, వాటిని చూడగానే ఆమె తల్లి లాంటివాళ్లు ‘ఇది మా కోసం కాదు’ అని పక్కన పెట్టేస్తారు. ఆ జబ్బు వాళ్లకు లేదనుకుంటారు. గుండె పిడికిట్లో ఉండటం మాత్రం వాళ్లకు బాగా తెలుసు. ‘గుండె బిగబట్టినట్టుందా? రాత్రుళ్లు మెలకువగా ఉంటున్నారా?’ అని రాసి కింద నంబరు వేస్తే చాలు. ఆ మాటలు సరిగ్గా ఎలా ఉండాలో అమ్మనే అడగమను. కార్డు గురించి అమ్మతో వాదించొద్దను. ‘అమ్మా, మన ఊళ్లో మనసు బాగోకపోతే అమ్మమ్మ ఏమనేది?’ అని అడిగితే, వినేవాళ్లుంటే ఏ తల్లయినా చెబుతుంది. ఆ మాట చెప్పేటప్పుడు పెదనాన్న కొడుకు పేరు కూడా ఆమె నోటివెంట రావొచ్చు. రాకపోయినా కంగారు పడొద్దను.

988 గురించి ఒక జాగ్రత్త. 2022 జులై 16 నుంచి ఈ నంబరు అమెరికా అంతటా ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా పనిచేస్తోంది. ఫోన్ చేసి ‘అరబిక్’ అన్న ఒక్క మాట ఇంగ్లీషులో చెబితే లైన్లోకి దుబాసీని కలుపుతారు. పేరు చెప్పాల్సిన పని లేదు. మెసేజ్ సౌకర్యం మాత్రం ఇంగ్లీషులో, స్పానిష్‌లోనే ఉంది. అరబిక్‌లో కార్డు రాసి ఇస్తే, చదివినవాళ్లు అరబిక్‌లోనే మెసేజ్ పెట్టే ప్రమాదం ఉంది. ‘ఫోనే చేయండి, అరబిక్ అని చెప్పండి’ అని స్పష్టంగా రాయమను. డియర్‌బోర్న్‌లోనే 1971లో మొదలైన యాక్సెస్ అనే అరబ్ సేవా సంస్థలో అరబిక్ మాట్లాడే కౌన్సెలర్లున్నారు. పొరుగింటివాళ్ల కంట పడతామని అక్కడికి వెళ్లడానికి జంకేవాళ్లకు ఆన్‌లైన్‌లో దూరంనుంచి మాట్లాడే దారి చూపమను.

రాత్రి రెండు గంటల ఫోన్ల గురించి గట్టిగా చెబుతున్నాను, ఇది ఆగాలి. తనది మంచి మనసే. కానీ ఇరవై, ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల బాత్రూమ్‌లో చల్లని నేలమీద కూర్చుని ఒక్కతే ఒకరి ప్రాణం మొయ్యకూడదు. ఆ గంటలో 988లో శిక్షణ పొందినవాళ్లు మేలుకునే ఉంటారు. ‘నేను లైన్లోనే ఉంటాను, ఇద్దరం కలిసి 988తో మాట్లాడదాం’ అనడం నేర్చుకోవాలి. రాత్రి పదకొండు తర్వాత తన ఫోన్ నుంచి దానంతటదే వెళ్లే మెసేజ్ ఆ దారే చూపాలి. ఒక రోజులో అయిపోయే మానసిక ఆరోగ్య ప్రథమ చికిత్స శిక్షణ అమెరికాలో చాలా కాలేజీల్లో ఇస్తారు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగడం అక్కడ నేర్పిస్తారు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఇన్నాళ్లకు ఒకరు అడిగారని మనిషి కాస్త తేలికపడతాడు. తను ఒంటరిగా మొదటినుంచీ మొదలుపెట్టక్కర్లేదు కూడా. అన్నను ఆత్మహత్యలో పోగొట్టుకున్న అలిసన్ మాల్మన్ అనే అమ్మాయి 2001లో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూనే పెట్టిన చిన్న గుంపు ఇప్పుడు యాక్టివ్ మైండ్స్ పేరుతో దేశమంతా వందల క్యాంపస్‌లలో ఉంది. మీ క్యాంపస్‌లో దాని శాఖ ఉందేమో చూడండి.

ఇక నువ్వేం చేయగలవంటావా? బుధవారం ఆ బల్ల దగ్గర ఇంకో కుర్చీలో కూర్చో. అరబిక్ రాకపోవడం ఒకరకంగా మేలే. ‘ఈమె మావాళ్లెవరికీ తెలియదు’ అన్న ధీమాతో నీతో మాట్లాడేవాళ్లుంటారు, చూడు. ఆ బల్ల సర్దేశాక నీ స్నేహితురాలినీ ఒకమాట అడుగు. చనిపోయినవాడు తనకు అన్నయ్య. రెండేళ్లుగా అందరి మాటలూ వింటోంది. తన మాట ఎవరైనా విన్నారా?

ప్రశ్న: అమ్మగారూ, నేను తెలుగు ముస్లింని. డియర్‌బోర్న్‌కి దగ్గర్లో ఉంటాను. మా మసీదుకు వచ్చే అరబ్ కుర్రాడొకడు, కాలేజీలో చదువుతున్నాడు, శుక్రవారం నమాజ్ తర్వాత యువకులకు మానసిక ఆరోగ్యం గురించి పది నిమిషాలు మాట్లాడతానని కమిటీని అడిగాడు. ‘ఈమాన్ (విశ్వాసం) గట్టిగా ఉంటే ఇవన్నీ రావు, దువా (ప్రార్థన) చేసుకోండి చాలు’ అని కొందరు పెద్దలు కాదన్నారు. కుర్రాడు చిన్నబుచ్చుకున్నాడు. నేను కమిటీలో సభ్యుణ్ని. ఏమని చెప్పాలి?

జవాబు: అన్నా, ధర్మం గురించి మీకు చెప్పేంతదాన్ని కాను. నా అరబ్ సహోద్యోగుల దగ్గర నేర్చుకున్నదే మీ ముందు పెడుతున్నాను.

ఒంటెను కట్టకుండా దేవుడి మీద భారం వెయ్యనా అని ఒకతను అడిగితే, ముందు దాన్ని కట్టు, తర్వాత భారం వెయ్యి అని ప్రవక్త చెప్పిన సంగతి మీ పెద్దలకు నాకన్నా బాగా తెలుసు. దువా చేసుకుంటున్నవాడు కౌన్సెలర్ దగ్గరికి వెళితే దువా చిన్నదైపోదు. షుగర్ మాత్ర వేసుకునేవాడిని ఈమాన్ తక్కువని ఎవరూ అనరు కదా.

ఇది పాశ్చాత్యుల గొడవ అన్నవాళ్లకు వాళ్ల చరిత్రే చూపించండి. తొమ్మిది, పది శతాబ్దాల నాటి అబూ జైద్ అల్ బల్ఖీ ఒంటికీ మనసుకూ కలిపి అరబిక్‌లో ఒక వైద్య గ్రంథం రాశాడు. అందులో దుఃఖాన్ని రెండు రకాలన్నాడు. కారణం తెలిసినది ఒకటి, కారణం తెలియకుండా మనిషిని కమ్మేసేది రెండోది. ఈ రెండోదానికి మాటల ఓదార్పుతోపాటు శరీరానికి వైద్యం కూడా కావాలన్నాడు. సిరియాలోని అలెప్పోలో 1354లో కట్టిన అర్గూన్ ఆసుపత్రిలో మనోవ్యాధులున్నవాళ్లను ఫౌంటెన్లున్న లోగిళ్లలో ఉంచేవారు. ఆ నీళ్ల చప్పుడునే వైద్యంలో భాగం అనుకునేవారు. ఆ భవనం ఈనాటికీ ఉంది. ఆ కుర్రాడి పది నిమిషాల్లో ఆ లోగిలి ఫోటో ఒకటి చూపించమనండి.

ఇంకో విషయం, ఇది సున్నితమైనది. ఆత్మహత్య జరిగిన ఇళ్లలో చాలామంది గుండెపోటని చెప్పడానికి ఒక కారణం, చనిపోయినవాళ్ల కోసం చేసే జనాజా నమాజ్ చదవరేమోనన్న భయం. ఎక్కువమంది పండితులు చదవాలనే అంటారని, జబ్బు వచ్చినప్పుడు ఇష్టాయిష్టాలు మనిషి చేతుల్లో ఉండవని కూడా అంటారని నాకు ఒక ఇమామ్‌గారే వివరించారు. మీ ఇమామ్‌గారిని ఈ ఒక్క సంగతి మింబర్, అంటే మసీదులో ప్రసంగ వేదిక, మీదనుంచి చెప్పమని అడగండి. అరబ్ కుటుంబాలు కష్టం వస్తే డాక్టర్ కన్నా ముందు ఇమామ్ దగ్గరికో, ఫాదర్ దగ్గరికో వెళతాయి. ఫాదర్ అని ఎందుకన్నానంటే, 1880ల నుంచి అమెరికా వచ్చిన తొలితరం అరబ్బుల్లో ఎక్కువమంది లెబనాన్, సిరియా ప్రాంతపు క్రైస్తవులు. ఆ చర్చిల్లో కూడా ఇదే మౌనం నేను చూశాను. కాబట్టి లోపం ఈమాన్‌లో ఉందంటే నేను ఒప్పుకోను.

కుర్రాడికి శుక్రవారం కుదరకపోతే, రంజాన్‌లో ఇఫ్తార్ తర్వాత యువకులు కూర్చునే చోట అవకాశం ఇప్పించండి. పక్కన మీరు కూర్చోండి. కమిటీ సభ్యుడు వింటున్నాడంటే మిగతావాళ్లూ ఆగి వింటారు.

ప్రశ్న: మేడమ్‌గారూ, కార్ల కంపెనీలో ఇంజినీర్ని. నా లెబనీస్ కొలీగ్ కూతురు తమ కాలేజీ ఆరోగ్య ఫారాల్లో అరబ్బులకు వేరే గడి పెట్టాలని సంతకాలు సేకరిస్తోంది. ఇప్పటిదాకా వాళ్లు ‘వైట్’ అని టిక్కు పెట్టాలట. నిజమేనా? దీనికీ మానసిక ఆరోగ్యానికీ సంబంధమేంటి?

జవాబు: నిజమేనండీ. ఒకప్పుడు అమెరికా పౌరసత్వం రావాలంటే తెల్లవాడినని కోర్టులో నిరూపించుకోవాల్సి వచ్చేది. 1915లో జార్జ్ డౌ అనే సిరియన్ కేసులో అప్పీలు కోర్టు సిరియన్లు తెల్లవాళ్లేనంది. 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు మన భారతీయులు తెల్లవాళ్లు కాదంది. 1942లో మీరుండే మిషిగన్ కోర్టే అహ్మద్ హసన్ అనే యెమెనీని తెల్లవాడు కాదని తోసిపుచ్చింది. రెండేళ్లు తిరక్కుండా ఇంకో రాష్ట్రంలోని కోర్టు వేరే అరబ్బును తెల్లవాడే అంది. చివరికి జనాభా లెక్కల్లో అరబ్బులందరూ ఆ ‘వైట్’ గడిలోనే పడ్డారు. 2024 మార్చిలో అమెరికా కేంద్ర ప్రభుత్వం మధ్య ప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా వాళ్లకు వేరే గడి ఉండాలని ప్రమాణాలు మార్చింది. కాలేజీల ఫారాలదాకా అది రావడానికి ఆ అమ్మాయి లాంటివాళ్లు అడుగుతూనే ఉండాలి.

సంబంధం ఏంటంటే, కౌన్సెలింగ్ సెంటర్‌కి నిరుడు ఎంతమంది అరబ్ పిల్లలు వచ్చారని అడిగితే జవాబు ఉండదు. ఎంతమంది మొదటిసారి వచ్చి రెండోసారి రాలేదో కూడా తెలియదు. అంకె లేకపోతే అరబిక్ వచ్చిన కౌన్సెలర్ కావాలని బడ్జెట్‌లో అడగడానికి చేతిలో ఏమీ ఉండదు. మా క్లినిక్‌లో నేనే పదిహేనేళ్లు ఆ గడిలో ‘వైట్’ అని రాశాను. పైనుంచి డబ్బు ఇచ్చేవాళ్ల దృష్టిలో మా అరబ్ రోగులు లేనట్టే.

మీ కొలీగ్ కూతురికి సంతకం పెట్టండి. గడి వచ్చేదాకా ఫారంలో ‘ఇతరులు’ పక్కన ఖాళీ గీత ఉంటే అందులో లెబనీస్, యెమెనీ అని చేత్తో రాయమనండి. మొదటి ఉత్తరం రాసిన అమ్మాయీ, ఇది మీకూ పనికొస్తుంది. బుధవారం బల్ల దగ్గర ఎంతమంది ఆగారో, ఏ మాటతో బాధ చెప్పుకున్నారో, పేర్లు లేకుండా ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోండి. సెమిస్టర్ చివర కౌన్సెలింగ్ సెంటర్ డైరెక్టర్‌ని కలిసినప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకెళ్లండి.